చిన్న గొలుసులు - రెండు మగ్గములు
(జీవకణములు పెప్టైడులను తయారుచేయు విధము)

మధుమేహ రోగి ప్రతిదినము సూదిమందుగా తీసికొను ఇన్సులిన్, కాన్పు సమయమున గర్భాశయమును సంకోచింపజేయు ఆక్సిటోసిన్, పుండ్లలోని సూక్ష్మజీవులను చంపు గ్రామిసిడిన్, మార్పిడి చేసిన మూత్రపిండమును శరీరము నిరాకరింపకుండ కాపాడు సైక్లోస్పోరిన్ - ఈ నాలుగింటి పనులలో పోలిక ఏమియు లేదు. మొదటి రెండును మన శరీరములోనే తయారగుచున్నవి. మూడవదానిని మట్టిలో నివసించు ఒక బాక్టీరియా, నాలుగవదానిని ఒక శిలీంధ్రము తయారుచేయుచున్నవి. అయినను రసాయన శాస్త్రజ్ఞుని దృష్టిలో ఈ నాలుగును ఒకే కుటుంబమునకు చెందినవి. అన్నియు అమైనో ఆమ్లములను ఒకదానికొకటి తగిలించి అల్లిన చిన్న గొలుసులే. వీటికి పెప్టైడులని పేరు.

ఇంత చిన్న గొలుసులను కణము ఎట్లు అల్లుచున్నది? ఏ అమైనో ఆమ్లము తరువాత ఏది రావలెనో దానికి ఎట్లు తెలియును? ఈ ప్రశ్నకు చాలకాలము శాస్త్రజ్ఞులు ఒకే సమాధానము ఉండునని తలచిరి. కాని ప్రకృతిలో ఇందుకు రెండు వేరువేరు మగ్గములు ఉన్నవని తరువాత తేలినది. ఆ రెండింటిని గురించి తెలిసికొనుట కేవలము కుతూహలమునకు సంబంధించిన విషయము కాదు. మన ఔషధములలో కొన్ని ఎందుకు నోటిద్వారా పనిచేయును, కొన్ని ఎందుకు పనిచేయవు, క్రొత్త సూక్ష్మజీవినాశకములను ఎక్కడ వెదకవలెను అను ప్రశ్నలకు సమాధానము ఇందులోనే ఉన్నది.

పెప్టైడ్ అనగా నేమి?

ప్రతి అమైనో ఆమ్లమునందును ఒక కొనయందు అమైనో సముదాయము, మరియొక కొనయందు ఆమ్ల సముదాయము ఉండును. ఒకదాని ఆమ్ల సముదాయము మరియొకదాని అమైనో సముదాయముతో కలిసినప్పుడు ఒక నీటి అణువు వెలువడి, రెండింటి నడుమ ఒక బంధము ఏర్పడును. ఇదియే పెప్టైడ్ బంధము. జర్మనీ దేశస్థుడగు ఎమిల్ ఫిషర్ తన సహచరుడగు ఫోర్నోతో కలిసి 1901లో రెండు గ్లైసీన్ అణువులు గల పెప్టైడ్‌ను తయారుచేసి ప్రకటించెను. గొలుసు బాగుగ పెరిగి, తనలో తాను మడతలు పడి, నిర్దిష్టమైన ఆకారమును పొందినచో దానిని ప్రోటీను అందురు. సాధారణముగా యాబదికి లోపు అమైనో ఆమ్లములు గల గొలుసులను పెప్టైడులనుట వాడుక. ఇది కచ్చితమైన హద్దు కాదు. ఇన్సులిన్‌లో 51 అమైనో ఆమ్లములు ఉన్నవి. అది ఈ హద్దుమీదనే నిలిచియున్నది.

ప్రోటీనుల నిర్మాణములో సాధారణముగా కనిపించు అమైనో ఆమ్లములు 20 రకములు. తొమ్మిది స్థానములు గల గొలుసును ఈ ఇరువదింటితో ఎన్ని విధములుగ అల్లవచ్చునో విద్యార్థులు లెక్క వేయవచ్చును. ఇరువదిని తొమ్మిదిసార్లు హెచ్చవేసినచో 51,200 కోట్లు వచ్చును. ఆక్సిటోసిన్‌లో ఉన్నవి తొమ్మిది అమైనో ఆమ్లములే. అనగా అన్ని కోట్ల అమరికలలో ఒక్కదానిని మాత్రమే కణము ఎన్నుకొని, తప్పు లేకుండ అల్లుచున్నది.

తప్పు జరిగిన నేమగును? వాసోప్రెసిన్ అను మరియొక హార్మోనులోను తొమ్మిది అమైనో ఆమ్లములే ఉన్నవి. వాటిలో ఏడు ఆక్సిటోసిన్‌లో ఉన్నవే, ఉన్న స్థానములలోనే ఉన్నవి. మూడవ స్థానమునందును, ఎనిమిదవ స్థానమునందును మాత్రమే భేదము. ఆ రెండు మార్పులతోనే పని మారిపోయినది. ఆక్సిటోసిన్ ముఖ్యముగా గర్భాశయముపైనను, చనుబాలు వెలువరించు కణములపైనను పనిచేయును. వాసోప్రెసిన్ మూత్రపిండములలో నీటిని నిలుపును. ఆక్సిటోసిన్‌ను 1953లో ప్రయోగశాలలో నిర్మించిన విన్సెంట్ డు విగ్నో అను అమెరికా శాస్త్రజ్ఞునకు 1955లో నోబెల్ బహుమానము లభించినది.

పెప్టైడ్ బంధము ఉనికిని పాఠశాలలో సులభముగ చూపవచ్చును. కోడిగ్రుడ్డులోని తెల్లసొనను నీటిలో కలిపి, కొంచెము కాస్టిక్ సోడా ద్రావణము పోసి, పలుచని మైలుతుత్తపు ద్రావణమును రెండు మూడు చుక్కలు వేసినచో ఊదారంగు కనిపించును. తెల్లసొనకు బదులు గ్లైసీన్ ద్రావణమును తీసికొన్నచో నీలిరంగే ఉండును గాని ఊదారంగు రాదు. రెండు అమైనో ఆమ్లములు మాత్రమే గల పెప్టైడ్ కూడ ఈ రంగు నీయదు. కనీసము రెండు పెప్టైడ్ బంధములు ఉన్నప్పుడే ఈ పరీక్ష ఫలించును. కాస్టిక్ సోడా చర్మమును, కండ్లను గాయపరచును గాన ఈ ప్రయోగమును ఉపాధ్యాయుడు స్వయముగ చేసి చూపుట మంచిది.

బంధమునకు కావలసిన శక్తి

అమైనో ఆమ్లములను నీటిలో కలిపి ఊరక ఉంచినచో అవి వాటంతట అవి గొలుసుగ మారవు. పెప్టైడ్ బంధము ఏర్పడుట ఎత్తునకు బరువును మోసికొనిపోవుట వంటిది. ఆ పనికి శక్తి కావలెను. కణములో ఆ శక్తిని అందించునది అడినోసిన్ ట్రైఫాస్ఫేట్ అను పదార్థము. దీనిని క్లుప్తముగ ఏ.టి.పి. అందురు. దీనిని 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికాలోని హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కే, యల్లాప్రగడ సుబ్బారావు గార్లు ఒకరితో ఒకరికి సంబంధము లేకుండ కనుగొనిరి. సుబ్బారావు గారు 1895లో భీమవరమున జన్మించిన ఆంధ్రులు. జీవకణములు ఎక్కడ పెప్టైడ్‌ను అల్లినను, దానికి వెలగా చెల్లించునది వారు కనుగొన్న ఈ పదార్థమునే.

కణము మొదట అమైనో ఆమ్లమును ఏ.టి.పి.తో కలిపి, దానిని ఉత్తేజిత స్థితికి తెచ్చును. అట్టి అమైనో ఆమ్లము మాత్రమే గొలుసులో చేరుటకు సిద్ధముగ ఉండును. ఈ మొదటి మెట్టు రెండు మగ్గములకును సమానమే. భేదమంతయు ఆ తరువాతనే.

మొదటి మగ్గము - రైబోసోము

జకార్డు మగ్గమును చూచినవారికి మొదటి పద్ధతి సులభముగ బోధపడును. ఆ మగ్గముపై రంధ్రములు పొడిచిన అట్టలు వరుసగా తిరుగుచుండును. ఏ దారము పైకి లేవవలెనో ఆ రంధ్రములే నిర్ణయించును. అట్టలు మార్చినచో అదే మగ్గముపై మరియొక అంచు, మరియొక బుటా వచ్చును. మగ్గమునకు బుటా సంగతి ఏమియు తెలియదు. తెలిసినది అట్టలకే.

కణములో మగ్గము వంటిది రైబోసోము. అట్టల వంటిది వార్తాహర ఆర్.ఎన్.ఏ. జన్యువులో, అనగా డి.ఎన్.ఏ.లో ఉన్న సమాచారమునకు అది నకలు. అందులోని మూడేసి అక్షరముల కూటమి ఒక్కొక్కటి ఒక్కొక్క అమైనో ఆమ్లమును సూచించును. ఈ లిపిని చదువుటలో కృషిచేసిన నిరెన్‌బర్గ్, హరగోవింద ఖురానా, హోలీ అను ముగ్గురికి 1968లో నోబెల్ బహుమానము ఇచ్చిరి. ఉత్తేజితమైన అమైనో ఆమ్లములను మోసికొనివచ్చు చిన్న ఆర్.ఎన్.ఏ. అణువులు ఆ మూడక్షరముల కూటమిని గుర్తించి తమ బరువును అక్కడ దించును. రైబోసోము బంధము వేయును. ఒక్కొక్క అమైనో ఆమ్లమునకు ఒక ఏ.టి.పి., దానివంటివే అయిన రెండు జి.టి.పి. అణువులు ఖర్చగును. బాక్టీరియాలో ఈ మగ్గము సెకనుకు 15 నుండి 20 అమైనో ఆమ్లములను అల్లగలదు. రైబోసోము నిర్మాణమును పరమాణువుల స్థాయిలో తెలిపినందులకు 2009లో నోబెల్ బహుమానము పొందిన ముగ్గురిలో చిదంబరమున జన్మించిన వెంకటరామన్ రామకృష్ణన్ ఒకరు.

ఈ మగ్గము పొడవైన గొలుసులను అల్లుటకు తగినది. అటువంటప్పుడు తొమ్మిది అమైనో ఆమ్లముల ఆక్సిటోసిన్ ఎట్లు వచ్చుచున్నది? కణము మొదట పొడవైన గొలుసును అల్లి, అందులో కావలసిన ముక్కను మాత్రము కత్తిరించి తీసికొనుచున్నది. ఈ సంగతి స్పష్టముగ తెలిసినది ఇన్సులిన్‌వలన.

ఇన్సులిన్ కథ

ఇన్సులిన్‌ను 1921లో కెనడాలోని టొరంటో నగరమున బాంటింగ్, బెస్ట్ అనువారు క్లోమమునుండి వేరుచేసిరి. 1922 జనవరిలో మొదటి రోగికి దానిని ఇచ్చిరి. అంతకుముందు బాల్యములో మధుమేహము వచ్చినవారికి మరణము తప్పక వచ్చుచుండెను. ఇంగ్లండులో ఫ్రెడరిక్ సాంగర్ 1955 నాటికి ఇన్సులిన్‌లోని అమైనో ఆమ్లముల వరుసను పూర్తిగ కనుగొనెను. అందులో రెండు గొలుసులు ఉన్నవి. ఒకదానిలో 21, రెండవదానిలో 30 అమైనో ఆమ్లములు ఉన్నవి. రెండింటిని గంధకపు పరమాణువులతో కూడిన రెండు వంతెనలు కలుపుచున్నవి. మొదటి గొలుసులోనే మరియొక వంతెన కూడ కలదు.

ఇచటనే ఒక చిక్కు వచ్చినది. రెండు గొలుసులు విడివిడిగా తయారై, కణములో ఎక్కడనో కలిసికొన్నచో, వంతెనలు సరియైన చోటులలో పడుననుటకు హామీ ఏమి? ఒకే కొలత లేని గుండీలు, కాజాలు గల చొక్కాను చీకటిలో తొడిగినట్లుండును. మరి క్లోమము తప్పు లేకుండ ఎట్లు చేయుచున్నది?

దీనికి సమాధానమును 1967లో చికాగో విశ్వవిద్యాలయమునకు చెందిన డోనాల్డ్ స్టైనర్ ప్రకటించెను. ఇన్సులిన్‌ను తయారుచేయు కణములలో పుట్టిన ఒక కంతినుండి పలుచని ముక్కలు తీసి, వాటికి రేడియోధార్మిక అమైనో ఆమ్లములను అందించెను. ఆ గుర్తు మొదట ఇన్సులిన్‌లో కనిపించలేదు. ఇన్సులిన్‌కంటె పెద్దదైన ఒక ప్రోటీనులో కనిపించెను. కొంత కాలము గడచిన తరువాతనే ఇన్సులిన్‌లోనికి వచ్చెను. అనగా ఇన్సులిన్ రెండు గొలుసులుగ పుట్టుట లేదు. ఒకే పొడవైన గొలుసుగ పుట్టి, తరువాత తెగి రెండగుచున్నది.

ఇప్పుడు ఈ క్రమము చక్కగ తెలిసియున్నది. మానవుని క్లోమములో రైబోసోము మొదట 110 అమైనో ఆమ్లముల గొలుసును అల్లును. దాని మొదటి 24 అమైనో ఆమ్లములు చిరునామా వంటివి. గొలుసు కణములోని ఏ గదికి పోవలెనో అవి తెలుపును. గదిలో ప్రవేశించుటతో ఆ చిరునామా తెగిపోవును. మిగిలిన 86 అమైనో ఆమ్లముల గొలుసు మడతపడును. దాని రెండు కొనలు దగ్గరకు వచ్చి, మూడు గంధకపు వంతెనలును సరియైన చోటులలో ఏర్పడును. అటుపిమ్మట ఎంజైములు కత్తెరలవలె పనిచేసి నడుమనున్న 35 అమైనో ఆమ్లములను తొలగించును. మిగిలినవి 51. అదియే ఇన్సులిన్. నడుమ భాగము కుట్టుపనిలో వేయు వదులుకుట్టు వంటిది. కొనలను సరిగ పట్టి ఉంచి, పని ముగియగనే తొలగిపోవును.

తొలగిన భాగములో 31 అమైనో ఆమ్లముల ముక్క ఒకటి ఇన్సులిన్‌తో పాటే రక్తములోనికి వచ్చును. దీనిని సి-పెప్టైడ్ అందురు. ఒక ఇన్సులిన్ అణువునకు ఒక సి-పెప్టైడ్ అణువు చొప్పున వెలువడును. సూదిమందుగా ఇచ్చు ఇన్సులిన్‌లో ఇది ఉండదు. కావున రక్తములో సి-పెప్టైడ్‌ను కొలిచినచో, రోగి క్లోమము ఇంకను ఎంత ఇన్సులిన్‌ను స్వయముగ తయారుచేయుచున్నదో వైద్యునకు తెలియును. కణము పనికిరాదని పారవేసిన ముక్క వైద్యునకు సాక్షిగ ఉపయోగించుచున్నది.

ఈ జ్ఞానమువలన మరియొక మేలు కలిగెను. అంతవరకు రోగులకు ఇచ్చిన ఇన్సులిన్ పందుల, పశువుల క్లోమములనుండి తీసినది. 1978లో మానవ ఇన్సులిన్ గొలుసులకు తగిన జన్యువులను ఇ. కోలై అను బాక్టీరియాలో ప్రవేశపెట్టి, వాటిచేత ఆ గొలుసులను అల్లించిరి. అట్లు తయారైన ఇన్సులిన్‌ను 1982లో అమెరికాలో వైద్యమునకు అనుమతించిరి. అట్టలు మార్చినచో అదే మగ్గము క్రొత్త బట్టను నేయునన్నమాటకు ఇంతకంటె మంచి ఉదాహరణము లేదు.

ఒక గొలుసు, పలు హార్మోనులు

ఒకే పొడవైన గొలుసును వేరువేరు చోటుల వేరువేరుగ కత్తిరించుటయు కలదు. పీయూష గ్రంథిలో ప్రోఓపియోమెలనోకార్టిన్ అను గొలుసు తయారగును. దానిని ఒకచోట తెంపినచో 39 అమైనో ఆమ్లముల హార్మోను వచ్చును. ఇది అధివృక్క గ్రంథులను ప్రేరేపించును. ఆ ముప్పది తొమ్మిదింటిలో మొదటి పదమూడింటినుండి చర్మపు రంగుకు సంబంధించిన మరియొక హార్మోను వచ్చును. అదే పొడవైన గొలుసు కొననుండి 31 అమైనో ఆమ్లముల బీటా-ఎండార్ఫిన్ వచ్చును. ఇది నొప్పిని తగ్గించును. కత్తెరలుగ పనిచేయు ఎంజైములు అన్ని కణములలో ఒకే రకమైనవి కావు గనుక, జన్యువు ఒకటే అయినను ఫలితము కణమునుబట్టి మారుచుండును.

బాక్టీరియాలు కూడ ఈ కత్తిరింపు ఉపాయమును ఎరుగును. పాలను పులియబెట్టు లాక్టోకాకస్ లాక్టిస్ జాతిలోని కొన్ని బాక్టీరియాలు నైసిన్ అను పెప్టైడ్‌ను తయారుచేయును. ఇది ఇతర బాక్టీరియాలను చంపును. ఆహారపదార్థములు చెడిపోకుండుటకు అనేక దేశములలో దీనిని వాడుచున్నారు. రైబోసోము మొదట 57 అమైనో ఆమ్లముల గొలుసును అల్లును. తరువాత ఎంజైములు అందులోని కొన్ని అమైనో ఆమ్లములనుండి నీటిని తొలగించి, గంధకపు పరమాణువులద్వారా ఐదు ఉంగరములను చేయును. ఇంతవరకు గొలుసు విషము కాదు. మొదటి 23 అమైనో ఆమ్లములు కత్తికి ఒరవలె ఉండును. గొలుసు కణమునుండి బయటకు పోయిన పిమ్మట, అచట ఉన్న ఒక ఎంజైము ఒరను తొలగించును. అప్పుడే 34 అమైనో ఆమ్లముల నైసిన్ ఆయుధమగును. ఇట్లు చేయనిచో బాక్టీరియా తాను పెట్టిన మంటలో తానే కాలవలసివచ్చును.

మొదటి మగ్గమునకు లొంగని పెప్టైడ్

1939లో రెనీ డుబాస్ అను శాస్త్రజ్ఞుడు న్యూయార్కులో మట్టినుండి తీసిన బాసిల్లస్ బ్రెవిస్ అను బాక్టీరియా నుండి సూక్ష్మజీవినాశక పదార్థములను వేరుచేసెను. వాటిలో గ్రామిసిడిన్ ఒకటి. 1942లో మాస్కో నగరమున గాజ్, బ్రజ్నికోవా దంపతులు ఇటువంటి బాక్టీరియానుండియే మరియొక పెప్టైడ్‌ను తీసిరి. దీనిని గ్రామిసిడిన్-ఎస్ అందురు. యుద్ధకాలమున సోవియట్ సైనికుల గాయములకు దీనిని వాడిరి.

ఈ గ్రామిసిడిన్-ఎస్ నిర్మాణము విచిత్రమైనది. పది అమైనో ఆమ్లములు వలయముగ చుట్టుకొని ఉన్నవి. గొలుసునకు మొదలు లేదు, తుది లేదు. అందులో ఆర్నిథీన్ అను అమైనో ఆమ్లము ఉన్నది. ఇది మొదట చెప్పిన ఇరువదింటిలో లేదు. దానికి ఆర్.ఎన్.ఏ. లిపిలో అక్షరమే లేదు. అంతేకాక, అందులోని ఫినైల్ అలనీన్ కుడిచేతి రూపములో ఉన్నది. మన రెండు చేతులవలె అమైనో ఆమ్లములు అద్దములోని ప్రతిబింబముల వంటి రెండు రూపములలో ఉండవచ్చును. రైబోసోము వాడునది ఎడమచేతి రూపము మాత్రమే. మరి ఈ పెప్టైడ్‌ను అల్లినది ఎవరు?

1960 తరువాతి సంవత్సరములలో అమెరికాలో ఫ్రిట్జ్ లిప్‌మన్, నార్వేలో లాలండ్, జపానులో కురహాషి, వారి సహచరులు ఈ ప్రశ్నను ప్రయోగములతో పరిశీలించిరి. బాక్టీరియాలను చిదిపి, అతివేగముగ త్రిప్పి రైబోసోములను అడుగునకు దించి, పైన తేరిన ద్రవమును మాత్రము తీసికొనిరి. ఆర్.ఎన్.ఏ.ను నాశనము చేయు ఎంజైమును అందులో కలిపిరి. రైబోసోముల పనిని ఆపు మందులను కూడ కలిపిరి. ఇక ఏ పెప్టైడును తయారుకాకూడదు. కాని ఏ.టి.పి.ని, కావలసిన అమైనో ఆమ్లములను అందించగనే గ్రామిసిడిన్-ఎస్ తయారగుచునే ఉండెను. అట్టలను తగులబెట్టి, మగ్గమును తొలగించిన పిమ్మట కూడ బట్ట వచ్చుచున్నదన్నమాట. కావున కణములో రెండవ మగ్గము ఉండితీరవలెను.

రెండవ మగ్గము - వరుసలో నిలిచిన పనివారు

ఆ రెండవ మగ్గము బ్రహ్మాండమైన ఎంజైములే. ఇంటికి కప్పు వేయునప్పుడు కూలీలు వరుసగా నిలిచి తట్టలను ఒకరి చేతినుండి ఒకరు అందుకొందురు. అట్టి వరుసలో ప్రతి పనివాడును తట్టను అందుకొని, తన దగ్గరనున్న ఒక వస్తువును అందులో చేర్చి, తరువాతివానికి అందించుచున్నాడనుకొనుడు. మొదటివాని దగ్గర ఇటుక, రెండవవాని దగ్గర సున్నము, మూడవవాని దగ్గర ఇసుక ఉన్నచో, తట్టలో అవి ఆ క్రమములోనే పడును. ఎవనికిని కాగితము చూపనక్కరలేదు. వారు నిలిచిన వరుసయే ఆజ్ఞ.

గ్రామిసిడిన్-ఎస్ తయారుచేయు ఎంజైములు రెండు. మొదటిది ఫినైల్ అలనీన్‌ను మాత్రమే గుర్తించి పట్టుకొనును. ఏ.టి.పి.తో దానిని ఉత్తేజపరచి, ఎడమచేతి రూపమును కుడిచేతి రూపముగ మార్చును. రెండవ ఎంజైములో నాలుగు విభాగములు వరుసగ ఉన్నవి. అవి క్రమముగ ప్రోలీన్, వాలీన్, ఆర్నిథీన్, లూసీన్‌లను చేర్చును. ప్రతి విభాగమునకును ఒక పొడవైన చేయి ఉన్నది. దాని కొనయందు గంధకపు పరమాణువు కలదు. అమైనో ఆమ్లము ఆ గంధకమును అంటిపెట్టుకొని యుండును. ఐదు అమైనో ఆమ్లముల గొలుసు పూర్తికాగనే చివరి భాగము దానిని పట్టి ఉంచి, మరియొక ఐదింటి గొలుసు వచ్చువరకు నిరీక్షించును. పిమ్మట రెండింటిని కలిపి, కొనలను ముడివేసి వలయమును చేయును.

ఆ చేయి దేనితో చేయబడినదో గమనింపదగినది. అది పాంటోథీనిక్ ఆమ్లము అను బి-విటమినునుండి వచ్చినది. కో-ఎంజైము-ఏ అను పదార్థములోను ఇదే చేయి ఉన్నది. కో-ఎంజైము-ఏను కనుగొనినందులకు 1953లో నోబెల్ బహుమానము పొందినవాడు ఫ్రిట్జ్ లిప్‌మనే. తాను ఒకచోట కనుగొనిన పరికరమే, మరియొక రహస్యమును వెదకుచు పోయినప్పుడు, అతనికి అచటను ఎదురైనది.

ఇచట విద్యార్థులు ఒక పొరపాటు పడవచ్చును. రెండవ మగ్గమునకు జన్యువులతో పనిలేదని తలచరాదు. ఆ ఎంజైములు కూడ ప్రోటీనులే. వాటిని అల్లినది రైబోసోమే. జన్యువు ఇచట పెప్టైడ్‌ను గాక, పెప్టైడ్‌ను అల్లు యంత్రమును వర్ణించుచున్నది. పది అమైనో ఆమ్లముల గ్రామిసిడిన్-ఎస్ కొరకు కణము సుమారు 5,500 అమైనో ఆమ్లములు గల రెండు ఎంజైములను నిర్మింపవలసియున్నది. పైగా ఈ యంత్రము ఆ ఒక్క పెప్టైడ్‌కే పనికివచ్చును. రైబోసోమువలె అట్టలు మార్చి మరియొకదానిని నేయజాలదు.

ఇంత ఖర్చునకు ప్రతిఫలమేమి? ఇరువది అక్షరముల కట్టుబాటు ఈ మగ్గమునకు లేదు. కుడిచేతి రూపములు, ఇతర ఆమ్లములు, వలయములు, అదనపు కొమ్మలు - వేటినైనను చేర్చుకొనవచ్చును. ఇట్టి గొలుసులను ప్రోటీనులను జీర్ణముచేయు ఎంజైములు సులభముగ తెంపజాలవు. ఇన్సులిన్‌ను మ్రింగినచో జీర్ణాశయములో ముక్కలగును. అందుచేతనే సూదిమందుగా ఈయవలసివచ్చుచున్నది. పదకొండు అమైనో ఆమ్లముల వలయమగు సైక్లోస్పోరిన్ రెండవ మగ్గముపై తయారైనది. దానిని నోటిద్వారా ఈయవచ్చును. రెండింటి భేదమునకు మూలము అవి పుట్టిన మగ్గములలోనే ఉన్నది.

మనకు పరిచితమైన పెన్సిలిన్ కూడ ఈ రెండవ మార్గమునకు చెందినదే. పెన్సిలియమ్ అను బూజులో ఒక పెద్ద ఎంజైము మూడు అమైనో ఆమ్లములను కలుపును. మరియొక ఎంజైము ఆ చిన్న గొలుసును రెండు వలయములుగ ముడివేయును. 1928లో ఫ్లెమింగ్ గమనించిన ఔషధమునకు పునాది ఈ మూడు పూసల దండయే. వాంకోమైసిన్ అను ఔషధము ఏడు అమైనో ఆమ్లములతో ఇట్లే తయారగును.

ఆయుధములు మొద్దుబారకుండ

సూక్ష్మజీవులు కూడ ఊరకుండవు. వాంకోమైసిన్ బాక్టీరియా గోడలోని ఒక చిన్న పెప్టైడ్ కొనను పట్టుకొని గోడకట్టు పనిని ఆపును. ఆ కొనయందు రెండు కుడిచేతి అలనీన్‌లు ఉండును. కొన్ని బాక్టీరియాలు చివరి అలనీన్‌కు బదులు లాక్టిక్ ఆమ్లమును చేర్చి, వాంకోమైసిన్‌కు పట్టు చిక్కకుండ చేసికొనుచున్నవి. ఒక్క అణుభాగపు మార్పుతో గొప్ప ఔషధము వ్యర్థమగుచున్నది. ఔషధములకు లొంగని బాక్టీరియాలవలన 2019లో ప్రపంచమున సుమారు 12 లక్షల 70 వేల మంది మరణించిరని శాస్త్రజ్ఞులు 2022లో అంచనా వేసిరి.

క్రొత్త ఆయుధముల కొరకు వెదకులాటలో రెండవ మగ్గమును గురించిన జ్ఞానము దారి చూపుచున్నది. ఫినైల్ అలనీన్‌ను పట్టుకొను విభాగపు ఆకారమును 1997లో స్పష్టముగ చూడగలిగిరి. అమైనో ఆమ్లము కూర్చుండు గుంట చుట్టును సుమారు పది ముఖ్యమైన స్థానములు ఉన్నవనియు, ఆ స్థానములలో ఉన్నవాటినిబట్టి ఆ విభాగము దేనిని పట్టుకొనునో ఊహింపవచ్చుననియు 1999లో తేలినది. అనగా నేడు ఒక మట్టి బాక్టీరియా డి.ఎన్.ఏ.ను చదివి, దానిలో ఎట్టి పెప్టైడ్ తయారుకాగలదో, పెప్టైడ్‌ను చూడకముందే కొంతవరకు చెప్పవచ్చును. అట్టి జన్యువులలో చాలభాగము ప్రయోగశాలలో మౌనముగ ఉండును. మట్టిలోని బాక్టీరియాలలో ఎక్కువ భాగము గాజుపాత్రలలో పెరుగనే పెరుగవు. ఈ చిక్కును దాటుటకు కొన్ని బాక్టీరియాలను మట్టిలోనే ఉంచి పెంచు ఉపాయమును కనుగొనిరి. ఆ విధముగ లభించిన టీక్సోబాక్టిన్ అను పదకొండు అంగముల పెప్టైడ్‌ను 2015లో ప్రకటించిరి. అదియు రెండవ మగ్గముపై పుట్టినదే.

అయితే కనుగొనిన ప్రతి పెప్టైడును ఔషధము కాజాలదు. గ్రామిసిడిన్-ఎస్ బాక్టీరియాల పొరను చీల్చుటతో ఆగక, మన ఎర్ర రక్తకణములను కూడ పగులగొట్టును. అందుచేత దానిని పైపూతగా తప్ప లోనికి ఈయరాదు. చంపగల శక్తి మాత్రమే చాలదు, శత్రువును గుర్తింపగల శక్తియు కావలెను. గొలుసులో ఒకటి రెండు అంగములను మార్చి ఆ గుణమును తెచ్చుటకు నేడు ప్రయత్నములు జరుగుచున్నవి. ఆక్సిటోసిన్‌కు, వాసోప్రెసిన్‌కు నడుమ భేదము రెండు పూసలే గదా!

కణములో ఈ రెండు మగ్గములును ప్రక్కప్రక్కనే పనిచేయుచున్నవి. ఒకటి వ్రాసిన ఆజ్ఞను చదివి అల్లును. రెండవది తన అవయవముల వరుసనే ఆజ్ఞగ గైకొని అల్లును. మొదటిదానిని బాక్టీరియాలో పనిచేయించి మానవుడు ఇన్సులిన్‌ను సాధించెను. రెండవదానిని కూడ తన ఇష్టానుసారము మార్చి, విభాగములను తీసి, క్రొత్తవి అతికించి, కావలసిన ఔషధమును అల్లించుకొనవలెనని ప్రయత్నించుచున్నాడు. విభాగములను మార్చినంతమాత్రమున యంత్రము నడచునని చెప్పలేము. ఒక పనివాని చేతినుండి ప్రక్కవాడు తట్టను సరిగ అందుకొనవలెను గదా. ఆ అందుకొనుటలోని నియమములను పూర్తిగ తెలిసికొనుట, నేడు పాఠశాలలో తెల్లసొనకు ఊదారంగు వచ్చుటను చూచు విద్యార్థులలో కొందరికి రేపటి పని కావచ్చును.